కల్యాణమిత్రుడి దగ్గర చదువు
(ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

తెలుగులో ‘ఒజ్జ’ అని ఒక పాత మాట ఉంది. చదువు చెప్పే పంతుల్ని ఒజ్జ అనేవాళ్లు. సంస్కృతంలోని ‘ఉపాధ్యాయ’ ప్రాకృతంలో అరిగి అరిగి మన దగ్గరికి ఒజ్జగా వచ్చి చేరింది. పాళీలో అదే మాట ‘ఉపజ్ఝాయ’. బౌద్ధ సంఘంలో కొత్తగా చేరిన భిక్షువుకు పెద్దదిక్కుగా ఉండే భిక్షువును అలా పిలుస్తారు. కాబట్టి ఇవాళ మనం మాట్లాడుకునే మనిషి మనకేం కొత్తవాడు కాదు.

ఆయనతో మెలిగే పద్ధతే కొత్త. గురువు అనగానే మన నోటికి ‘గురుర్బ్రహ్మ గురుర్విష్ణుః’ వచ్చేస్తుంది. గురువును పరీక్షించాలంటే ఏదో అపచారం చేస్తున్నట్టు జంకుతాం. బౌద్ధంలో గురువుకు కాళ్లు కడగడమూ సాధనే, గురువును గమనించి తూచి చూడడమూ సాధనే. రెండూ బౌద్ధ గ్రంథాల్లోనే, ఒక్కోసారి భిక్షువుల నియమాలు చెప్పే వినయ గ్రంథంలో ఒకే జాబితాలో పక్కపక్కనే ఉంటాయి. ఒకటి పట్టుకుని రెండోది వదిలేస్తే చదువు ఎలా చెడుతుందో చెప్పాలని ఈ సాయంత్రం మీ ముందుకు వచ్చాను.

శాక్యుల ఊళ్లో ఉన్నప్పుడు శిష్యుడు ఆనందుడు బుద్ధుడితో, మంచి స్నేహితుడు దొరకడం ఈ బ్రహ్మచర్యంలో, అంటే ఈ ధర్మజీవనంలో, సగం అన్నాడు. బుద్ధుడు ఒప్పుకోలేదు. సగం కాదు, మొత్తం అదే అన్నాడు. ఆ మాట ‘కల్యాణమిత్త’, కల్యాణమిత్రుడు. ఈ మాటను మన గడ్డకు సంబంధించిన నాగార్జునుడు కూడా గుర్తుచేశాడు. ఆయన శాతవాహన రాజుకు రాసిన ఉపదేశం పేరు ‘సుహృల్లేఖ’, అంటే స్నేహితుడికి ఉత్తరం. చెప్పేది ఆచార్యుడు, వినేది రాజు, అయినా ఉత్తరం పేరులో ఉన్నది స్నేహమే.

‘మొత్తం’ అన్నాడు కదా అని బరువంతా గురువు మీద వేసేయకండి. అదే సుత్తంలో, అంటే బుద్ధుడి ఆ ఉపదేశంలోనే, తర్వాతి వాక్యం చూడండి. కల్యాణమిత్రుడు ఉన్న భిక్షువు అష్టాంగ మార్గాన్ని పెంపొందించుకుంటాడని ఆశించవచ్చు, అంతే. పెంపొందించుకోవాల్సింది ఆ భిక్షువే. స్నేహితుడు దారి చూపిస్తాడు, నడవాల్సిన కాళ్లు మనవి.

ఇక ఆ స్నేహితుణ్ని గుర్తుపట్టడం ఎలా? సుత్తాల సంకలనాల్లో ఒకటైన సంయుత్త నికాయంలో ఒక చక్కటి సన్నివేశం ఉంది. శ్రావస్తిలో పూర్వారామం, మిగారమాత ప్రాసాదం. సాయంత్రం వేళ. బుద్ధుడు ధ్యానం నుంచి లేచి బయటి ద్వారం దగ్గర కూర్చున్నాడు. కోసల రాజు ప్రసేనజిత్తు వచ్చి పక్కన కూర్చున్నాడు. అంతలో ఆ దారిన ఏడుగురు జటాధారులు, ఏడుగురు నిర్గ్రంథులు (జైన సన్యాసులు), ఏడుగురు దిగంబరులు, ఏడుగురు ఒంటిగుడ్డవాళ్లు, ఏడుగురు పరివ్రాజకులు వెళ్తున్నారు. మొత్తం ముప్ఫై ఐదుగురు. పెరిగిన గోళ్లు, ఒళ్లంతా వెంట్రుకలు, భుజాన మూటలు. రాజు లేచి, ఉత్తరీయం ఒక భుజం మీదికి సర్దుకుని, కుడి మోకాలు నేలకానించి, చేతులు జోడించి, ‘అయ్యా, నేను కోసల రాజు ప్రసేనజిత్తును’ అని మూడుసార్లు చెప్పుకున్నాడు. వాళ్లు వెళ్లాక తిరిగొచ్చి, ‘లోకంలో అర్హంతులంటూ (పూర్తి ముక్తి పొందినవాళ్లంటూ) ఉంటే వీళ్లు వాళ్లలోనివాళ్లే’ అన్నాడు.

బుద్ధుడు అవునూ అనలేదు, కాదూ అనలేదు. పిల్లలతో కిటకిటలాడే ఇంట్లో ఉంటూ, కాశీ చందనం పూసుకుంటూ, వెండి బంగారాలు వాడుకునే గృహస్థుడికి ఆ సంగతి తేల్చడం కష్టం మహారాజా అన్నాడు. అని నాలుగు కొలతలు చెప్పాడు. అప్పుడు రాజు నవ్వుతూనో సిగ్గుపడుతూనో, ఎలాగో సుత్తం చెప్పదు, అసలు విషయం బయటపెట్టాడు. వాళ్లు తన వేగులట! ఊళ్లన్నీ తిరిగి కబుర్లు మోసుకొస్తారట. ఇక ఇంటికి పోయి దుమ్ము కడుక్కుని, స్నానం చేసి, గడ్డం గీయించుకుని, తెల్లబట్టలు కట్టుకుని సుఖాలు అనుభవిస్తారట. రాజుగారు అంత వినయంగా మోకాలు వంచింది తన జీతగాళ్లకే.

ఆ నాలుగు కొలతలు అంగుత్తర నికాయంలో విడమరిచి ఉన్నాయి. శీలం కలిసి ఉంటే తెలుస్తుంది. నిజాయితీ వ్యవహారంలో తెలుస్తుంది. స్థైర్యం ఆపదలో తెలుస్తుంది. ప్రజ్ఞ సంభాషణలో తెలుస్తుంది. నాలుగింటికీ మూడేసి షరతులు. చాలాకాలం చూడాలి, శ్రద్ధగా చూడాలి, చూసేవాడికీ కాస్త తెలివి ఉండాలి.

వ్యవహారం అంటే డబ్బు ఒక్కటే అనుకోకండి. సుత్తం ఇచ్చిన వివరణ ఇదీ: ఒకరితో ఉన్నప్పుడు ఒకలా, ఇద్దరితో ఇంకోలా, నలుగురిలో మరోలా మాట్లాడుతున్నాడా? నిన్నటి మాటకూ ఇవాళ్టి మాటకూ పొంతన ఉందా? సభలో ఇరవై మంది ముందు మీతో మాట్లాడిన తీరును, వంటగదిలో ఒంటరిగా మాట్లాడిన తీరుతో పోల్చి చూడండి. ఇది ఎవరైనా చేయగల పరీక్ష. ఆపద అంటే అయినవాళ్లు పోవడం, ఆస్తినష్టం, రోగం. మంచం పట్టిన వారంలో ఆ మనిషి ఎలా ఉన్నాడు? ఏడవకూడదని కాదు, ఆ ఏడుపులో చెప్పిన ధర్మం మొత్తం కొట్టుకుపోయిందా అన్నది చూడాలి.

ప్రజ్ఞకు చెప్పిన పోలిక నాకు బాగా ఇష్టం. చెరువు గట్టు మీద నిలబడ్డవాడు చేప నీళ్లలోంచి పైకి రావడం చూస్తాడు. పైకి వచ్చిన అల చూసి, ఆ అల వేగం చూసి, చేప చిన్నదో పెద్దదో చెప్పేస్తాడు. ఒక ప్రశ్న వేసినప్పుడు ఆ గురువు దాన్ని ఎలా అందుకున్నాడు, ఎక్కడి నుంచి మొదలుపెట్టాడు, జవాబు మీ ప్రశ్నకే చెప్పాడా, తనకు వచ్చిన ఉపన్యాసం చెప్పేశాడా? అల అక్కడ తెలుస్తుంది. అంటే మీరు ప్రశ్న అడగాలి. ముందు వరుసలో కూర్చుని తల ఊపుతుంటే చెరువులో అల లేవదు.

ఇక్కడ ఒక లెక్క తప్పు చాలామంది చేస్తారు. హైదరాబాదులో నాగార్జునసాగర్ రోడ్డు మీద ఉన్న ‘ధమ్మ ఖేత్త’ లాంటి గోయెంకా గారి కేంద్రాల్లో పది రోజుల విపశ్యన చేసి వచ్చి, ‘గురువుగారు దొరికారండీ’ అంటారు. పదో రోజు ఉదయం దాకా మౌనం. ప్రవచనాలు రికార్డింగులో వింటారు. సహాయాచార్యుల్ని మధ్యాహ్నం భోజనం తర్వాత వ్యక్తిగతంగానో, రాత్రి తొమ్మిదికి హాల్లోనో కాసేపు అడగవచ్చు. ఆ ఏర్పాటు బాగుంది, రుసుము లేకపోవడం, కోర్సు పూర్తిచేసినవాళ్ల దగ్గరే దానం తీసుకోవడం ఇంకా బాగున్నాయి. కానీ ఆ పది రోజుల్లో మీరు పరీక్షించగలిగింది పద్ధతిని. మనిషిని కాదు. కలిసి ఉండడం, వ్యవహారం, ఆపద, సంభాషణ నాలుగూ ఇంకా మిగిలే ఉంటాయి. పద్ధతి పనిచేసింది కాబట్టి ఆ మనిషి చెప్పే ప్రతిమాటా నిజం అనే ఊహ దగ్గరే చాలా కథలు తప్పుదారి పట్టాయి.

టిబెటన్లు గురుశిష్యులు ఒకరినొకరు పన్నెండేళ్లు పరీక్షించుకోవచ్చు అంటారు. వాళ్లకు ఆ జాగ్రత్త ఇంకా అవసరం, ఎందుకంటే తంత్ర దీక్షలో ప్రమాణాలు ఉంటాయి, అవి ఆ గురువుతో ముడిపడతాయి. 2006 జనవరిలో మన అమరావతిలో దలైలామా కాలచక్ర దీక్ష ఇచ్చారు. అలాంటి చోట ప్రమాణాలు తీసుకుని దీక్ష పొందేవాళ్లు వేరు, దీవెనగా భావించి కూర్చుని వినేవాళ్లు వేరు. ఏది చేస్తున్నామో ముందే తెలుసుకుని కూర్చోవాలి.

పరీక్ష ఇతర గురువులకేనా, బుద్ధుడికి మినహాయింపా? లేదు. మజ్ఝిమ నికాయం 47వ సుత్తం, వీమంసక సుత్తం, మొత్తం దాని గురించే. ఇతరుల మనసు చదవలేని శిష్యుడు తథాగతుణ్నే, అంటే బుద్ధుణ్నే, కంటితో, చెవితో పరిశీలించాలి అంటాడు. కంటికి కనబడే ప్రవర్తనలో, చెవిన పడే మాటలో మలినం ఉందా? ఈ మంచి ఎంతకాలంగా ఉంది, ఈమధ్యే మొదలైందా? పేరు రాకముందు బాగుండి, పేరు వచ్చాక ఏమైనా చెడిందా? ఈ చివరి ప్రశ్న ఇరవై అయిదు వందల ఏళ్ల కిందటిది అంటే నమ్మబుద్ధి కాదు. అదంతా చూశాక, నేరుగా ఆయన్నే అడగమన్నాడు.

ఇప్పుడు రెండో వైపుకు వద్దాం, సేవ. వినయ గ్రంథంలోని మహావగ్గ భాగంలో శిష్యుడి విధుల జాబితా ఉంది, చాలా పొడవు. వేకువనే లేవాలి, చెప్పులు విడవాలి, గురువుకు పలుదోము పుల్ల, మొహం కడుక్కునే నీళ్లు ఇవ్వాలి. ఆసనం వేయాలి. గంజి ఉంటే గిన్నె కడిగి అందించాలి. తాగాక ఆ గిన్నెను కిందికి వంచి పట్టుకుని, గీరుకుపోకుండా కడగాలి. బట్ట మడిచేటప్పుడు అంచును నాలుగు వేళ్ల వెడల్పు పక్కకు జరిపి మడవాలి. ఎందుకంటే మధ్యలో ఒకేచోట మడత పడితే అక్కడే చిరుగుతుంది. దారిలో మరీ దగ్గరగా, మరీ దూరంగా నడవకూడదు. గురువు మాట్లాడుతుంటే మధ్యలో అడ్డురాకూడదు.

ఇంతవరకు మన గురుకులం లాగే ఉంది కదా? అదే జాబితాలో, అడ్డురాకూడదు అన్న దాని వెంటనే ఇంకొకటి ఉంది: గురువు మాట తప్పు అంచుకు చేరుతుంటే శిష్యుడు ఆపాలి. ఇంకా ఉంది. గురువుకు ఈ జీవితం మీద విసుగు పుడితే శిష్యుడు దాన్ని చల్లార్చాలి, సందేహం కలిగితే తీర్చాలి, తప్పుడు దృష్టి పుడితే విడిపించాలి. పెద్ద తప్పు చేస్తే సంఘం విధించే పరివాసం ఆయనకు దక్కేలా, అంటే శిక్ష పడి శుద్ధి జరిగేలా, శిష్యుడు ప్రయత్నించాలి. కప్పిపెట్టమని కాదు.

గురువు వైపు జాబితా కూడా దాదాపు ఇంతే పొడవు. శిష్యుడికి జబ్బు చేస్తే గురువే వేకువన లేచి పలుదోము పుల్ల, నీళ్లు ఇవ్వాలి, గంజి గిన్నె కడగాలి, అదే వరస. గురువు శిష్యుణ్ని కొడుకులా చూడాలి, శిష్యుడు గురువును తండ్రిలా చూడాలి. పదేళ్లు నిండి సమర్థుడైతేనే ఉపజ్ఝాయుడు కావచ్చు. నేర్చుకునేవాడు సమర్థుడైతే అయిదేళ్లు ఆశ్రయంలో ఉంటే చాలు, కాకపోతే జీవితాంతం ఉండాలి. దీన్ని ‘నిస్సయ’ అంటారు. గృహస్థులకు ఇదంతా అక్షరాలా వర్తించదు. అయినా లెక్క గుర్తుపెట్టుకోండి, అయిదేళ్లు. మనం రెండు వారాంతాలకే గురువుల్ని మార్చేస్తున్నాం.

మంచి గురువుకు ఏడు గుణాలు చెప్పిన గాథ అంగుత్తర నికాయంలో ఉంది, తర్వాతి ధ్యాన గ్రంథం విశుద్ధిమార్గం కూడా దాన్నే ఎత్తుకుంది: ‘పియో గరు భావనీయో, వత్తా చ వచనక్ఖమో, గంభీరఞ్చ కథం కత్తా, నో చట్ఠానే నియోజయే’. ప్రియమైనవాడు, గౌరవించదగ్గవాడు, ఆదర్శంగా నిలిచేవాడు, తప్పు చెప్పేవాడు, తనకు చెప్తే ఓర్చుకునేవాడు, లోతైన విషయం మాట్లాడగలవాడు, కానిపనికి పురమాయించనివాడు. నన్నడిగితే ఏడింటిలో ‘వచనక్ఖమో’ దగ్గరే ఎక్కువసేపు ఆగాలి. అట్ఠకథలో, అంటే పాత వ్యాఖ్యానంలో, బుద్ధుడి ముఖ్య శిష్యుడు సారిపుత్తుడి మీద చిన్న ఉదంతం ఉంది. ఏడేళ్ల సామణేరుడు, అంటే ఇంకా భిక్షువు కాని బాల శిష్యుడు, ఆయన అంతరవాసకం (నడుముకు కట్టే బట్ట) అంచు జారిందని చెప్పాడు. ఆయన పక్కకు వెళ్లి సర్దుకుని వచ్చి, చేతులు జోడించి, ‘ఇప్పుడు సరిగ్గా ఉందా ఆచార్యా’ అని అడిగాడు. మీ గురువుకు ఒక చిన్న పొరపాటు, తేదీయో, పద్యంలో అక్షరమో, ఏకాంతంలో మర్యాదగా చెప్పి చూడండి. ఆ అరనిమిషంలో తెలిసేది ఏడాది ప్రవచనాల్లో తెలియదు.

సరే, గురువు దొరికాడు. నేర్చుకోవడం ఎలా? మనం ‘గురువు లేని విద్య గుడ్డి విద్య’ అంటాం. చంకీ సుత్తంలో బుద్ధుడు ఇంకో గుడ్డితనం చూపించాడు. ఒకరినొకరు పట్టుకుని నడిచే గుడ్డివాళ్ల వరస, ముందువాడికీ కనబడదు, నడిమివాడికీ కనబడదు, చివరివాడికీ కనబడదు. ఎదుట కూర్చున్నది కాపఠికుడు, పదహారేళ్ల బ్రాహ్మణ కుర్రాడు. అతనికి మెట్లు చెప్పాడు. ముందు గురువులో లోభం, ద్వేషం, మోహం ఉన్నాయేమో చూడు. లేవనిపిస్తే నమ్మకం కలుగుతుంది. నమ్మకం కలిగితే దగ్గరికి వెళ్లు, దగ్గర కూర్చో, చెవి ఒగ్గు, విను, గుర్తుంచుకో, అర్థాన్ని పరిశీలించు, అది మనసుకు ఒప్పుదలగా కుదరనీ. అప్పుడు ఉత్సాహం, ప్రయత్నం, తూచి చూడడం, గట్టి సాధన.

మనం వినడం నుంచి ఒక్క గంతులో సాధనకు పోతాం, లేదా వినడం దగ్గరే ఆగిపోతాం. మధ్యలో గుర్తుంచుకోవడం, అర్థం పరిశీలించడం అనే రెండు మెట్లు కూలిపోయి ఉంటాయి. ఇంటికెళ్లగానే విన్నదాన్ని సొంత మాటల్లో అయిదు వాక్యాలు రాయండి. ఎక్కడ కలం ఆగిందో అదే రేపటి ప్రశ్న.

ధ్యానంలో అయితే ఇంకా నిర్దిష్టంగా ఉండాలి. బర్మాలో మహాసీ సయాడో సంప్రదాయంలో సాధకుడు గురువుకు నివేదన ఇస్తాడు. అందులో మూడే ఉండాలి: ఏది జరిగింది, దాన్ని ఎలా గుర్తించావు, గుర్తించాక దానికి ఏమైంది. ‘ఇవాళ చాలా ప్రశాంతంగా ఉందండీ, ఏదో శక్తి దిగినట్టుంది’ అన్నారనుకోండి, గురువు చేయగలిగింది ఏమీ లేదు, చిరునవ్వు తప్ప. ఇలా చెప్పి చూడండి: ‘పొట్ట ఉబ్బడం, తగ్గడం చూస్తున్నాను. పావుగంటకు ఎడమ మోకాల్లో నొప్పి వచ్చింది. నొప్పి, నొప్పి అని గుర్తించాను. మొదట పొడిచినట్టుంది, తర్వాత మంట అయింది. తగ్గలేదు. కాలు మార్చాను. మార్చాలన్న ఆత్రాన్ని మాత్రం గుర్తించలేదు.’ గురువు ఆ చివరి వాక్యాన్ని పట్టుకుంటాడు. రేపు కాలు కదిపే ముందు ఆ ఆత్రాన్ని చూడమంటాడు. పాఠం అంతే, రెండు నిమిషాల పని.

నివేదనలో చెడిపోయే చోట్లు నాకు తెలిసి మూడు. నిద్రపోయిన గంట దాచేయడం ఒకటి. పుస్తకంలో చదివిన మెట్టు పేరు చెప్పేయడం రెండోది. ‘ఉదయబ్బయ ఞాణం వచ్చిందండీ’ అంటారు, గురువు తేల్చాల్సిన పేరు శిష్యుడు పెట్టేసుకున్నాక ఇక చెప్పేదేముంది? మూడోది, ఒక గురువు దగ్గర శ్వాస, ఇంకొకరి దగ్గర పొట్ట, మరొకరి దగ్గర మంత్రం తీసుకుని ఒకే గంటలో కలిపేయడం. ఎక్కడ తప్పు జరిగిందో ఆ ముగ్గురిలో ఎవరూ చెప్పలేరు.

పండితులకు ఒక మాట. ధమ్మపద అట్ఠకథలో పోఠిలుడనే థేరుడు, అంటే పెద్ద భిక్షువు, ఉన్నాడు. త్రిపిటకం నోటికి వచ్చు, ఎందరికో పాఠం చెప్పాడు. బుద్ధుడు మాత్రం ‘రా ఒట్టి పోఠిలా, కూర్చో ఒట్టి పోఠిలా’ అనేవాడు. సిగ్గుపడి అడవిలో ముప్ఫైమంది భిక్షువులున్న చోటికి పోయి పెద్దాయన్ని నేర్పమన్నాడు. ఆయన తర్వాతివాడి దగ్గరికి పంపాడు, ఆ తర్వాతివాడు ఇంకొకరి దగ్గరికి. చివరికి ఏడేళ్ల సామణేరుడి దగ్గరికి చేరాడు. ఆ పిల్లాడు సూదిపని చేసుకుంటున్నాడు. చెప్పినట్టు వింటావా అని అడిగి, మంచి చీవరం (భిక్షువు బట్ట) కట్టుకుని ఉన్న ఆ పెద్దాయన్ని అలాగే నీళ్లలోకి దిగమన్నాడు. దిగాడు. అంచు తడవగానే చాలు, వచ్చెయ్ అన్నాడు. తర్వాత చెప్పిన పాఠం మన పల్లె వాళ్లకు వివరించక్కర్లేదు: ఒక పుట్టకు ఆరు కన్నాలు, లోపల ఉడుము దూరింది. అయిదు కన్నాలు మూసి ఆరోదాని దగ్గర పట్టుకోవాలి. అయిదు ఇంద్రియాల తలుపులు మూసి మనోద్వారం దగ్గర పని చెయ్ అని అర్థం. పోఠిలుడికి ఆ ఒక్క పోలిక చాలింది. ఉడుము సంగతి ఆయనకు తెలియక కాదు. అంతవరకు ఎవరి ముందూ బట్ట తడుపుకోలేదు.

చీటీ ఒకటి వచ్చింది. గురువే తప్పు చేస్తే ఏం చేయాలి అని. దీనికి రెండు సుత్తాలు చూడండి, రెండూ అంగుత్తర నికాయంలోవే. ఒకదాంట్లో, ఒక్క వ్యక్తి మీదే నమ్మకం పెట్టుకుంటే వచ్చే అయిదు నష్టాలు ఉన్నాయి. ఆయన తప్పు చేస్తే సంఘం వెలివేస్తుంది, లేదా చివరి వరసలో కూర్చోబెడుతుంది, ఆయన వేరే ఊరు పోతాడు, చీవరం విడిచేస్తాడు, చనిపోతాడు. ప్రతిసారీ శిష్యుడు మిగతా భిక్షువుల దగ్గరికి పోవడం మానేస్తాడు, ధర్మం వినడం ఆగిపోతుంది. రెండోదాంట్లో శీలం లేని గురువూ ఆయన శిష్యులూ ఉన్నారు. వాళ్లకు విషయం తెలుసు. చెప్తే ఆయనకు నచ్చదు, పైగా చీవరాలూ భోజనమూ మందులూ ఆయన వల్లే వస్తున్నాయి. అందుకని కప్పిపెడతారు. ఆయన కూడా వాళ్లు కప్పిపెడతారనే ఆశిస్తాడు. అది శిష్యరికం కాదండీ, కాపలా. అలాంటిచోట ముందు మీకు ఏం అందుతోందో ఒక కాగితం మీద రాసుకోండి, గది, పదవి, పరిచయాలు, ఏదైనా. దాన్ని పక్కన పెట్టాకే మీ మౌనానికి కారణం కనబడుతుంది. నేరమైతే పోలీసుల దగ్గరికే వెళ్లాలి. సంఘం లోపలి శుద్ధి అనేది చట్టానికి బదులు కాదు.

ఇంకో చీటీ. యూట్యూబులో వినే భిక్షువులు గురువులేనా? వినండి, తప్పు లేదు. భోగనగరంలో బుద్ధుడు చెప్పిన కొలత అక్కడా పనిచేస్తుంది: ఇది బుద్ధవచనం అని ఎవరు చెప్పినా వెంటనే మెచ్చుకోవద్దు, తోసిపుచ్చొద్దు. మాటల్ని జాగ్రత్తగా పట్టుకుని సుత్తంతో, వినయంతో పోల్చి చూడండి. సరిపడితే తీసుకోండి, సరిపడకపోతే వదిలేయండి. కాకపోతే రికార్డింగు మీ మోకాలి నొప్పి కథ వినలేదు. ఆ పనికి ఎదుట ఒక మనిషి కావాలి.

చివరి చీటీలో, గురువును దాటి ఎదిగిన శిష్యుడు గురువును ఎలా చూడాలి అని అడిగారు. సారిపుత్తుడు రాజగృహంలో భిక్షకు వెళ్తున్న అస్సజిని చూశాడు. భిక్ష మధ్యలో అడగడం సమయం కాదని ఆగి, వెనకే నడిచాడు. భిక్ష ముగిశాకే అడిగాడు. అస్సజి, నేను కొత్తవాణ్ని, విస్తరించి చెప్పలేను, సారం మాత్రం చెప్తానన్నాడు. ‘యే ధమ్మా హేతుప్పభవా’ అని ఒక్క గాథ చెప్పాడు. సారిపుత్తుడు తర్వాత సంఘంలో ప్రజ్ఞలో అగ్రుడయ్యాడు, అస్సజి కన్నా ఎంతో పైన. అయినా రోజూ రాత్రి పడుకునే ముందు అస్సజి ఏ దిక్కున ఉన్నాడో కనుక్కునేవాడు. ఆ దిక్కుకు నమస్కరించి, అటే తలపెట్టి పడుకునేవాడు. చూసినవాళ్లు ఈయన దిక్కుల్ని పూజిస్తున్నాడని బుద్ధుడికి ఫిర్యాదు కూడా చేశారు.